తోడు నీళ్ళు

మా కాలనీలో మట్టి లేదు. ఉన్నదంతా గ్రావెలే. కొండ తవ్వి తెచ్చి పోసి, రోలరుతో తొక్కించి, దాని మీద వరసగా ఇళ్ళు కట్టి, రిజర్వాయరు కింద మునిగిపోయిన మూడు ఊళ్ళ వాళ్ళని తెచ్చి వాటిలో పెట్టారు. గునపం వేస్తే రవ్వలు లేస్తాయి గాని గుంట పడదు. అందుకని ఇక్కడి ఆడవాళ్ళు మొక్కల్ని సీసాల్లో, నీళ్ళలో పెంచుతారు. ఏ కిటికీ చూసినా కాఫీపొడి సీసాలు, తేనె సీసాలు, పచ్చడి సీసాలు, వాటిలోంచి మనీప్లాంటూ, పుదీనా, తమలపాకు తీగలూ.

పెళ్ళయి మొదటిసారి ఈ వీధిలో అడుగు పెట్టినప్పుడు, దారి తప్పి మా ల్యాబ్‌కే వచ్చేశానేమో అనుకున్నాను. కడియం దారిలో ఉన్న ఒక మొక్కల ల్యాబ్‌లో నా ఉద్యోగం. అక్కడ నేను చేసేదీ అదే పని, మట్టి లేకుండా మొక్కల్ని పెంచడం. కాకపోతే మా ల్యాబ్ నీళ్ళు అద్దంలా ఉంటాయి. మా అత్తయ్య సీసాల్లో నీళ్ళు పలచని మజ్జిగలా ఉంటాయి. దాని మీద మా ఇద్దరికీ ఏళ్ళ తరబడి పేచీ.

మా అత్తయ్య పేరు బుల్లెమ్మ. ఆవిడది పైడిలంక. పైడిలంక నేను చూడలేదు, ఇక చూడబోయేదీ లేదు, అది నీళ్ళ అడుగున ఉంది. అయినా దాని గురించి నాకు తెలిసినంత అక్కడ పుట్టిన మా ఆయనకి కూడా తెలియదు. ఆ ఊరు ఖాళీ చేసేనాటికి ఆయన లాగూ బొత్తాం తనే పెట్టుకోలేని వయసువాడు. పైడిలంక వంకాయలో గింజ ఉండేది కాదట. పైడిలంక గేదె పాలు కాస్తే గిన్నె తోమడానికి మధ్యాన్నం పట్టేదట. అక్కడి ఎండ కూడా ఇక్కడి ఎండలాంటిది కాదు, మర్యాద తెలిసిన ఎండ. మొదట్లో వినేదాన్ని, కొన్నాళ్ళకి నవ్వేదాన్ని, ఆ తరవాత విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆవిడ ఎక్కడైనా ఆగితే మిగతాది నేనే అందిస్తున్నాను. ఈ కాలనీని మాత్రం ఆవిడ ఎప్పుడూ ఊరు అనలేదు. కాలనీ అనే అనేది. ఊరంటే అదొక్కటే.

ఆ ఊరి నుంచి మిగిలింది మా హాలు కిటికీలో ఉన్న తమలపాకు తీగ. ఊరు వదిలిన రోజున అందరూ బీరువాలూ మంచాలూ ట్రాక్టర్లకి ఎత్తుతుంటే, మా మావయ్యగారు నూతి దగ్గర తీగ ముక్క ఒకటి కోసి, ఆ నూతి నీళ్ళే ఒక సీసాలో పోసి, అందులో గుచ్చి అత్తయ్య ఒళ్ళో పెట్టారట. దారంతా ఆవిడ దాన్ని చంటిపిల్లలా పట్టుకుని వచ్చింది. మావయ్యగారు పోయి చాలా ఏళ్ళయింది. తీగ మాత్రం కిటికీ ఊచలు పట్టుకుని, పురికొస మీదుగా పాకి, గోడ గడియారం చుట్టూ తిరిగి, ఇల్లంతా తనదే అన్నట్టు ఉంటుంది.

తలస్నానం చేసిన రోజున అత్తయ్య సీసాల్లో నీళ్ళు మారుస్తుంది. మార్చడం అంటే మొత్తం మార్చడం కాదు. అడుగున కాసిని పాత నీళ్ళు ఉంచి, వాటి మీద కొత్తవి పోస్తుంది.

"మొత్తం పారబోయండి అత్తయ్యా. పాత నీళ్ళలో పాచి ఉంటుంది" అనేదాన్ని నేను.

"పాత పెరుగంతా పారబోసి కొత్త పాలు తోడేస్తావా నువ్వు? కొత్త నీళ్ళు ఒక్కసారే పోసేస్తే మొక్క బెదిరిపోద్దమ్మాయ్. అడుగున కాసిని పాతయి ఉన్నాయనుకో, ఆటిని చూసి ఇయ్యి కూడా అలవాటు పడతాయి."

అలా పెరుగు తోడుకి ఉన్న పట్టింపులన్నీ ఆ నీళ్ళకీ వచ్చాయి. కాలనీలో ఎవరు కొత్త సీసా పెట్టినా మా ఇంటికొచ్చి కాసిని తోడు నీళ్ళు పట్టుకెళ్ళేవారు. అయితే దీపాలు పెట్టే లోపే రావాలి. దీపం పెట్టాక తోడు ఇల్లు దాటకూడదు.

ఒకసారి ఎదురింటి దుర్గమ్మగారు సరిగ్గా ఆ వేళకే గ్లాసు పట్టుకుని వచ్చింది. ఆవిడది తోటగొంది, మునిగిన మూడు ఊళ్ళలో ఇంకొకటి. "ఒదినా, పిల్లి నా సీసా పడేసిందే. కాసిని తోడు నీల్లు పొయ్యవా" అంది.

"దీపం పెట్టేశానొదినా. పొద్దున్న రా."

"పెరుక్కి కదా ఆ పట్టింపు. నీల్లకి కూడానా?"

"మా పైడిలంకలో అన్నిటికీనూ. మీ తోటగొందిలో ఎలాగో మరి" అంది అత్తయ్య.

దుర్గమ్మగారు ఖాళీ గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఎదురెదురు గుమ్మాలు, కష్టానికీ సుఖానికీ ఒకరికొకరు పరిగెత్తుకొస్తారు, మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం మీ ఊరూ, మా ఊరూ.

ఇంతలో మా ల్యాబ్‌లో ఒక విచిత్రం జరిగింది. నీళ్ళలో ఎక్కువ కాలం ఉన్న వేళ్ళని పట్టుకుంటే చేతికి జిగురుగా తగులుతుంది. ఆ జిగురులో కంటికి కనపడని ప్రాణులు కోట్ల కొద్దీ ఉంటాయి. తొలకరి పడగానే మట్టి నుంచి వాసన వచ్చేది అలాంటి వాటి వల్లే. మా పెద్ద మేడమ్ డాక్టర్ అనసూయ కనిపెట్టిందేమిటంటే, అవి తాము బతికిన చోటుని దాచుకుంటాయి. ఆ చోటి మట్టి, కిటికీలోంచి వచ్చిన పొగ, గిన్నె మీది ఆవిరి, ఏది నీళ్ళలో కలిస్తే అది తిని, జిగురులో దాచుకుని నిద్రపోతాయి. వాటిని లేపే మందు ఒకటి ఆవిడ తయారు చేసింది. మేమంతా దానికి మేలుకొలుపు అని పేరు పెట్టుకున్నాం.

మూతపడిన ఒక రైసు మిల్లు ఆఫీసు గదిలో ఏళ్ళుగా ఉన్న మనీప్లాంటు సీసా తెచ్చి, మందు చుక్కలు వేసి, గాజు గది తలుపు మూశాం. మేం భోజనాలు చేసి వచ్చేసరికి ల్యాబ్ అంతా ఉప్పుడు ధాన్యం వాసన, ఊక పొగ వాసన. మా అకౌంటెంటు గారు ఏదో సంతకం కోసం వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆయన తండ్రి మిల్లులో పని చేసి పోయారట. "ఇది మా నాన్న చొక్కా వాసనండీ" అన్నారు. ఎంత చెప్పినా ఆ పూటంతా ఆయన ఆ గది వదిలి రాలేదు.

సాయంత్రానికి ఆ మనీప్లాంటు వేళ్ళు ఉడికిన బెండకాయల్లా అయిపోయాయి. మేలుకున్న ప్రాణులు ఆకలి మీద ఉంటాయి. దాచుకున్నదంతా ఖర్చు చేసేసి, వేళ్ళని తినేసి, తరవాత అవీ పోతాయి.

"ఒక సీసాకి ఒక్క పూటే శ్యామలా" అంది అనసూయ మేడమ్. "నీళ్ళు కాసిని తీసి దాచుకుందామన్నా లాభం లేదు. వాసన వచ్చేంత సరుకు పాత వేళ్ళ మీదే ఉంటుంది. తీగ ముక్క విడిగా బతికించుకోవచ్చు. కానీ దాని కొత్త వేళ్ళకి ఏ చోటూ తెలియదు."

ఇంటికొచ్చి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరు ఏం అడుగుతారో నాకు తెలుసు.

కానీ చెప్పాల్సి వచ్చింది. అత్తయ్యకి ముక్కులోంచి రక్తం కారుతుంటే కాకినాడ తీసుకెళ్ళాం. ముక్కు పైభాగాన ఏదో గడ్డ పెరుగుతోందన్నారు, ఆలస్యం చేయకుండా తీసెయ్యాలన్నారు. ప్రాణానికి భయం లేదు. అయితే వాసన తెలిసే నరాలు దానితో పాటే పోతాయి. ఇక ఏ వాసనా తెలియదు.

ఆటో ఎక్కాక అత్తయ్య, "కూర మాడితే నువ్వు చెబుదువుగానిలే" అంది నాతో. నేను నవ్వలేకపోయాను.

ఆ మర్నాటి నుంచి ఆవిడ ఇంట్లో ప్రతిదీ వాసన చూడడం మొదలుపెట్టింది. కర్పూరం, కాఫీపొడి డబ్బా, కొత్త చింతపండు, ఉతికి ఆరేసిన దుప్పటి, నా జడ. మా ఆయన సత్తిరాజు ఆఫీసు నుంచి వస్తే ఆయన చొక్కా కూడా. ఊరెళ్ళే ముందు అందరి దగ్గరికీ వెళ్ళి చెప్పి వచ్చినట్టు ఆవిడ ముక్కుతో చెప్పి వస్తోంది.

ఒక సాయంత్రం తీగ పక్కన కూర్చుని అంది, "ఒక్కటే ఉండిపోయిందే. తొలకరి పడ్డ రోజు మా పైడిలంక ఏటి ఒడ్డున నుంచుంటే ఒక వాసనొచ్చేది. అదొక్కసారి తగిలితే, ఆ తర్వాత ఈ ముక్కు ఉంటే ఎంత, పోతే ఎంత."

అప్పుడు చెప్పేశాను. మేలుకొలుపు సంగతి, మిల్లు సంగతి, వేళ్ళు పోయే సంగతి, అన్నీ.

మా ఆయన ఒప్పుకోలేదు. "నాన్న చేత్తో కోసిన తీగ అది. పోతే పైడిలంకది మనకంటూ ఇంకేం మిగల్లేదు."

"తీగ ముక్క ఒకటి తీసి పెడతానండీ" అన్నాను.

"ముక్కకేం తెలుసు? నువ్వే అన్నావుగా."

అత్తయ్య మా ఇద్దరినీ చూసింది. "ఒరే సత్తీ, దాన్ని నేను రోజూ చూస్తానే ఉన్నాను. అది నాకేసి చూడదు, మాట్లాడదు. ఒక్కసారి మాట్టాడితే విందామనుంది. నీకు బాధయితే మానేద్దాంలే."

ఆ మాటకి ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. తిరిగి వచ్చి, "ఆ రోజు నేను సెలవు పెడతాను" అన్నారు.

అనసూయ మేడమ్ విని, పెద్దావిడని గాజు గదిలో కూర్చోబెట్టడమేమిటి, ఇంటికే తీసుకెళ్ళు అని మందు నా చేతికిచ్చింది. ఆపరేషన్ కి రెండు రోజుల ముందు, పొద్దున్నే అత్తయ్య తలంటు పోసుకుని, ఉతికిన నేత చీర కట్టుకుని, పీట వేసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. నేను తీగ కొస కోసి, ఫిల్టరు నీళ్ళ సీసాలో విడిగా పెట్టాను. కిటికీలు మూశాం, తలుపు కింద తడిగుడ్డ పెట్టాం. మందు చుక్కలు వేశాను.

చాలాసేపు ఏమీ జరగలేదు. తరవాత నీళ్ళు తెల్లబడ్డాయి. ముందు పులిసిన మజ్జిగ లాంటి వాసన ఒకటి వచ్చి పోయింది. నాకు పైడిలంక తెలియదు కాబట్టి నేను అత్తయ్య మొహం చూస్తూ కూర్చున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి, ఆ రోజు ట్రాక్టరులో సీసా పట్టుకున్నట్టే.

గది నిండుతోంది. ఎండకి కాలిన రాయి మీద చినుకులు పడితే వచ్చే వాసన. వేడెక్కిన టార్పాలిను. ట్యాంకరు నీళ్ళలో బ్లీచింగ్ పొడి.

అత్తయ్య కళ్ళు తెరిచింది. "ఇది కాదు" అంది.

"కాసేపు ఆగండత్తయ్యా."

"ఇది కాదే. ఇది గ్రావెలు." ఆవిడ గొంతు గట్టిపడింది. "ఇదిగో, ఎండుచేపల పులుసు. మనింట్లో ఎండుచేపలెప్పుడొండామే? ఇది దుర్గమ్మది. చింతకాయేసి ఒండుద్ది, అదే."

"ఈ సీసాలో ఎవరివైనా నీళ్ళు పోశారా అత్తయ్యా?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "కాలనీకొచ్చిన ఏడే కదా నీ పెద్దాడబడుచు తొలి పురుడు. వాళ్ళ ఊళ్ళో నెల్లాళ్ళుండి ఒచ్చేసరికి ఇందులో నీళ్ళు అడుగంటా ఎండిపోయినాయి. వేళ్ళన్నీ ఈనెపుల్లల్లాగయిపోయినాయి. ఎల్లి దుర్గమ్మ దగ్గర తోడు తెచ్చి పోశాను. మళ్ళీ చిగిరించింది. తోడు విరిగిపోతే పక్కింట్లో తెచ్చుకోమా? అంతకు ముందు దానికిచ్చింది నేనేగా. నాదే నాకొచ్చింది."

అవును, ఆవిడదే ఆవిడకి వచ్చింది. కానీ ఈలోగా అది దుర్గమ్మగారి కిటికీలో బతికింది, ఆవిడ పొయ్యి పొగ తిన్నది. పైడిలంక నూతి నీళ్ళు చూసిన వేళ్ళు ఆ ఏడే ఎండిపోయాయి. ఆ తరవాత వచ్చిన ప్రతి వేరూ ఈ గ్రావెలు మీద పుట్టిందే. తోడు వేసినప్పుడల్లా పైడిలంక పలచబడుతూ వచ్చింది. అది ఈ ఇల్లు వదిలి ఎప్పుడో వెళ్ళిపోయింది. ఇంతకాలం దాని ఖాళీ కుర్చీకి మేం దణ్ణం పెడుతున్నాం.

చేసిందంతా నేనే అనిపించింది. తీగ పోయింది, ఊరూ రాలేదు, ఎల్లుండితో ఆవిడ ముక్కూ పోతుంది. ఏడుపు ఆపుకోలేకపోయాను. మా ఆయన కిటికీ గడియ మీద చెయ్యి వేశారు. "తీసెయ్యనా అమ్మా?"

"ఆగరా" అంది అత్తయ్య.

ఆవిడ మొహం మారింది. మెడ కాస్త ముందుకు చాచి, గాలిలో ఎవరినో వెతుకుతున్నట్టు చూస్తోంది. అప్పుడు నాకూ తగిలింది. తడి సిమెంటు వాసన. పచ్చి గోడ మీద నీళ్ళు కొడితే వచ్చే చల్లటి వాసన. దాని వెనకాల, సన్నగా, చుట్ట పొగ.

"మీ నాన్న" అంది.

మా ఆయన కిటికీ దగ్గరే నేల మీద కూలబడ్డారు.

"గవర్మెంటోళ్ళు ఒక్క గదే కదరా ఇచ్చారు. వంటిల్లు మనమే కట్టుకున్నాం. తెల్లారకుండా లేచి గోడలు తడిపేవాడు. చుట్ట నోట్లో ఎట్టుకుని, ఒక చేత్తో గొట్టం పట్టుకుని. నేను ఈ కిటికీ దగ్గరే కూర్చుని బియ్యం ఏరుకునేదాన్ని." ఆవిడ గొంతు మెత్తబడింది. "పైడిలంకలో మీ నాన్న నాతో పట్టపగలు మాట్టాడింది లేదురా. అత్తమావలు, బావగార్లు, ఇంటినిండా జనం. ఏదన్నా కావాలంటే పిల్లలకేసి చూసి చెప్పేవాడు. ఇక్కడికొచ్చాకే... గోడలు తడుపుతా ఎన్ని కబుర్లు చెప్పేవాడనుకున్నావు. చిన్నప్పటియి, చేలో సంగతులు, ఒట్టి అబద్ధాలు కూడా. నేను నవ్వితే ఇంకా చెప్పేవాడు."

ఆవిడ కళ్ళు మూసుకుని, ఊపిరి లోపలికి తీసుకుని, వదలడానికి ఇష్టం లేనట్టు పట్టి ఉంచుతోంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. మధ్యలో ఒకసారి మా ఆయన, "అమ్మా, ఏటి బురద వాసనొచ్చింది, ఇప్పుడే" అన్నారు. "నీకలా అనిపించిందిలే" అంది ఆవిడ, కళ్ళు తెరవకుండానే. నిజంగా వచ్చిందో లేదో నేను చెప్పలేను.

చుట్ట వాసన ఎక్కువసేపు నిలవలేదు. అది పోయాక కూడా ఆవిడ పీట మీది నుంచి లేవలేదు. సాయంత్రానికి వేళ్ళు జారిపోయాయి, గడియారం చుట్టూ ఉన్న ఆకులు వేలాడిపోయాయి. వాడిపోయేలోగా అత్తయ్య వాటిని కోసి కొంగులో వేసుకుని వీధిలో ఇంటింటికీ పంచింది. ఎదురింటికి ఆఖరున వెళ్ళింది.

"నీ ఎండుచేపల పులుసు ఇన్నాళ్ళూ మా ఇంట్లో దాక్కుందే ఒదినా" అంది.

దుర్గమ్మగారికి సంగతంతా చెప్పేసరికి చాలాసేపు పట్టింది. నేను మా గుమ్మంలోంచి చూస్తున్నాను. ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఒకే ఆకు చించుకుని సగం సగం వేసుకున్నారు.

ఆపరేషన్ బాగానే అయింది. ముక్కుకి కట్టుతో అత్తయ్యని ఇంటికి తీసుకొచ్చేసరికి పొద్దు గూకింది. నేను దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చాను. ఆవిడ నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళింది. నేను విడిగా పెట్టిన తీగ కొస ఫిల్టరు నీళ్ళలో అలాగే ఉంది. చావలేదు గాని ఆకు పాలిపోయింది, చుట్టుకుపోయింది. రెండు తెల్లటి వేళ్ళు వచ్చీ రానట్టు ఉన్నాయి.

"బెదిరిపోయిందే పాపం" అంది అత్తయ్య. "రేపు పొద్దున్న ఎవరింట్లోనన్నా తోడు అడగాలి."

ఆ మాట పూర్తి కాలేదు, దుర్గమ్మగారు గ్లాసు పట్టుకుని లోపలికి వచ్చింది. గ్లాసు నిండా పలచని మజ్జిగ లాంటి నీళ్ళు.

"దీపం పెట్టేశారు కదే ఒదినా. ఈ ఏళప్పుడు తోడు ఇల్లు దాటిస్తావేంటి?" అంది అత్తయ్య.

"ఎక్కడికి దాటింది? ఆ గుమ్మంలోంచి ఈ గుమ్మంలోకొచ్చింది. నువ్వు పడుకో, నేను పోస్తాను" అని దుర్గమ్మగారు సీసాలో నీళ్ళు సగం వంచేసి గ్లాసు ఒంపేసింది.

అత్తయ్య అడ్డు చెప్పలేదు. ఆవిడ వెళ్ళాక సీసా తీసి అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది. కట్టు తగిలింది. అలాగే కాసేపు పట్టుకుని నించుంది. తరవాత నా వైపు చాచింది.

"నువ్వు చూడు."

నేను వంగి వాసన చూశాను. నాకు తెలిసిన వాసనే, ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచీ తెలిసిందే, ఎప్పుడూ పట్టించుకోనిది.

"ఏ వాసనొస్తందే?"

"తడి గ్రావెలు వాసన అత్తయ్యా. కొంచెం చింతకాయ పులుసు."

అత్తయ్య సీసా తీసుకుని, తీగ కొసని పురికొస వైపు తిప్పి, కిటికీలో పెట్టింది.

"అయితే మన ఊరిదే" అంది.